కాలిఫోర్నియాలో మేళాలు, మార్కెట్లలో ఫుడ్ స్టాల్ పర్మిట్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉగాదికి నెల ముందు, మళ్ళీ బతుకమ్మ, దీపావళి దగ్గర పడగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. అడిగేవాళ్ళు మారతారు, అనుమానాలు మాత్రం అవే. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో కొన్నేళ్ళుగా మిర్చి బజ్జీ స్టాల్ పెడుతున్నాను, కొత్తవాళ్ళకి ఫారాలు నింపడంలో సాయం చేస్తున్నాను. అందుకే అన్నిటినీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. రాష్ట్రమంతటికీ చట్టం ఒక్కటే, 2007 జులై నుంచి అమల్లో ఉన్న కాలిఫోర్నియా రిటైల్ ఫుడ్ కోడ్. ఫీజులు, ఫారాలు మాత్రం కౌంటీని బట్టి మారతాయి.

## మొదలుపెట్టే ముందు

ఒక్కరోజు స్టాలే కదా, దానికి కూడా పర్మిట్ కావాలా?

కావాలి. నాలుగు గంటల మేళా అయినా సరే, జనానికి తిండి అమ్మితే టెంపరరీ ఫుడ్ ఫెసిలిటీ పర్మిట్ ఉండాల్సిందే. లేకుండా దొరికితే స్టాల్ అక్కడికక్కడే మూసేస్తారు. పైగా పర్మిట్ ఫీజుకి మూడు రెట్ల దాకా జరిమానా వేసే అధికారం చట్టం ఇచ్చింది. మీ ఇంట్లో పుట్టినరోజుకో, పెళ్ళికో పిలిచినవాళ్ళకి భోజనం పెట్టడం దీని కిందికి రాదు. ఎవరైనా రాగలిగే బహిరంగ కార్యక్రమాలకే ఈ పర్మిట్.

డబ్బు తీసుకోకుండా ఉచితంగా పంచితే పర్మిట్ అక్కర్లేదుగా?

అక్కరే. బహిరంగ మేళాలో రుచి చూడమని చిన్న కప్పుల్లో ఇచ్చినా, ఊరికే పంచినా అమ్మినట్టే లెక్క. తిన్నవాళ్ళకి కడుపు పాడైతే అది ఉచితమా, ఐదు డాలర్లా అని ఎవరూ చూడరు.

ఇంట్లో వండి తీసుకెళ్తే తప్పేంటి? నేను చాలా శుభ్రంగా వండుతాను.

అందరికంటే ఎక్కువగా మనవాళ్ళు తడబడేది ఇక్కడే, మనసు నొచ్చుకునేదీ ఇక్కడే. మీ శుభ్రత మీద ఎవరికీ అనుమానం లేదు. చట్టం అడిగేది ఎవరు వండారని కాదు, ఎక్కడ వండారని. మామూలు ఇంటి వంటగదిని ఎవరూ తనిఖీ చేయరు కాబట్టి అక్కడ వండినది, నిల్వ చేసినది స్టాల్లో అమ్మకూడదు. పులిహోర వండడమే కాదు, రాత్రి ఇంట్లో ఉల్లిపాయలు తరిగి డబ్బాలో వేసి తెచ్చినా ఇదే లెక్క. బజ్జీ పిండి ఇంట్లో కలిపి తెచ్చినా అంతే.

మొదటి ఏడాది నాకు ఇది తెలియలేదు. మిర్చిలో పెట్టే వాము-చింతపండు ముద్ద ముందు రోజు రాత్రి ఇంట్లో నూరి, రెండు స్టీలు డబ్బాల్లో తీసుకెళ్ళాను. ఇన్‌స్పెక్టర్ మూత తీసి చూసి, "ఇది ఎక్కడ చేశారు?" అని అడిగారు. ఇంట్లో అని నిజమే చెప్పాను. రెండు డబ్బాలూ నా చేత్తోనే చెత్తలో వేయించి, పైన బ్లీచ్ పోయించారు. ఆ రోజంతా ఉత్త మిరపకాయలే పిండిలో ముంచి వేశాను. అప్పట్నుంచి ఎవరు అడిగినా నేను చెప్పే మొదటి మాట ఇదే: మెనూ రాసుకునే ముందు వంటగది వెతుక్కోండి.

మరి ఎక్కడ వండాలి?

రెండే దారులు. ఒకటి, అన్ని పనులూ మేళాలో మీ స్టాల్ లోపలే చేయడం: తరగడం, కలపడం, వేయించడం, అన్నీ. రెండు, పర్మిట్ ఉన్న కమర్షియల్ కిచెన్‌ని గంటల లెక్కన అద్దెకి తీసుకోవడం. దాన్ని కమిషరీ అంటారు. మన ఇండియన్ రెస్టారెంట్లు కొన్ని మధ్యాహ్నం, రాత్రి భోజనాల మధ్య ఖాళీగా ఉండే సమయంలో వంటగది అద్దెకి ఇస్తాయి. నోటిమాట చాలదు. ఏ తేదీన, ఏ సమయానికి, ఏ పనికి వాడుకుంటున్నారో రాసి యజమాని సంతకం చేసిన కాగితం దరఖాస్తుతో పాటు ఇవ్వాలి.

కొత్తవాళ్ళకి నా సలహా, మొదటి మేళాకి స్టాల్‌లోనే పూర్తయ్యే ఒకటి రెండు ఐటమ్స్ పెట్టుకోండి. బజ్జీ, మొక్కజొన్న పొత్తులు, నిమ్మకాయ సోడా లాంటివి. బిర్యానీతో మొదలుపెట్టొద్దు.

ఇంటి వంట అమ్ముకోవచ్చని కొత్త చట్టం వచ్చిందట, దాంతో స్టాల్ పెట్టొచ్చా?

మీరు విన్నది 2018లో వచ్చిన హోమ్ కిచెన్ చట్టం గురించి. అది ఒప్పుకున్న కౌంటీల్లోనే చెల్లుతుంది. ఆ పర్మిట్ మీ ఇంట్లో వండి, అదే రోజు కస్టమర్‌కి నేరుగా ఇవ్వడానికి. మేళాలో స్టాల్ పెట్టుకోవడానికి అది పనికిరాదు, స్టాల్‌కి వేరే పర్మిట్ తీసుకోవాలి.

ఇంట్లో పెట్టిన ఆవకాయ, పొడులు, స్వీట్లు అమ్మొచ్చా?

వీటికి కాటేజ్ ఫుడ్ చట్టం అని వేరే ఉంది, 2013 జనవరి నుంచి అమల్లో ఉంది. ఫ్రిజ్ లేకపోయినా పాడవని కొన్ని పదార్థాలను ఇంట్లో తయారుచేసి అమ్ముకోనిస్తుంది. ఏవేవి చెల్లుతాయో రాష్ట్ర ప్రజారోగ్య శాఖ జాబితా ఇస్తుంది, అందులో ఉన్నవే చేయాలి. ఎండు మసాలా మిశ్రమాలు, క్రీము లేని బేకరీ సరుకు, జామ్‌లు జాబితాలో ఉన్నాయి. జనానికి నేరుగా అమ్మితే క్లాస్ ఏ, దుకాణాలకి కూడా వేస్తే క్లాస్ బి.

ఆవకాయ మాత్రం ఈ దారిలో కుదరదు. ఊరగాయలను వేరే తరగతిగా చూస్తారు, ఇంటి వంటగదిలో చేసినవాటికి అనుమతి లేదు. సరిగ్గా పెట్టకపోతే బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం తయారయ్యే ప్రమాదం ఉందని వాళ్ళ భయం. తరతరాలుగా పెడుతున్నామని చెప్పినా ఫలితం ఉండదు. కంపెనీ సీసాలు సీల్ తీయకుండా అమ్మాలనుకుంటే మాత్రం ప్యాకెట్ సరుకు అమ్మే పర్మిట్ మీద అమ్మొచ్చు.

పాలకోవా లాంటి పాల స్వీట్లు కూడా ఇంట్లో చేసి అమ్మడానికి పనికిరావు. జాబితాలో ఉన్నవి అమ్మేటప్పుడు లేబుల్ మీద ఇంటి వంటగదిలో తయారైందని ఇంగ్లీషులో స్పష్టంగా ఉండాలి.

నేను హెచ్-4 వీసా మీద ఉన్నాను. స్టాల్ పెట్టుకోవచ్చా?

ఫుడ్ పర్మిట్ ఇచ్చే కౌంటీ మీ వీసా గురించి అడగకపోవచ్చు. అంత మాత్రాన సంపాదించుకునే హక్కు వచ్చినట్టు కాదు. హెచ్-4 మీద ఉన్నవాళ్ళకి ఈఏడీ (పని అనుమతి కార్డు) ఉంటేనే పని చేసే అనుమతి. హెచ్-1బీ ఉన్నవాళ్ళు స్పాన్సర్ చేసిన కంపెనీకే పని చేయాలి, వారాంతంలో పెట్టే బజ్జీల స్టాల్‌కి మినహాయింపు లేదు. ఒక్క శనివారం స్టాల్ కోసం గ్రీన్‌కార్డు ఫైలుని ప్రమాదంలో పెట్టుకోకండి. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

## దరఖాస్తు

ఎక్కడ అప్లై చేయాలి?

మీరు ఉండే కౌంటీలో కాదు, మేళా జరిగే కౌంటీలో. ఆ కౌంటీ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగం వెబ్‌సైట్‌లో ఫారం దొరుకుతుంది. శాన్ రమోన్‌లో ఉండేవాళ్ళు ఫ్రీమాంట్‌లో స్టాల్ పెడితే కాంట్రా కోస్టాకి కాదు, అలమీడా కౌంటీకి వెళ్ళాలి. బర్క్‌లీ నగరానికి సొంత ఆరోగ్య విభాగం ఉంది కాబట్టి అక్కడ మేళా అయితే నగరాన్నే అడగాలి.

ఎన్ని రోజుల ముందు పెట్టాలి?

కనీసం రెండు వారాల ముందు. ఆలస్యమైతే చాలా కౌంటీలు అదనపు ఫీజు వేస్తాయి, కొన్నిసార్లు అసలు తీసుకోరు. కమిషరీ కాగితం మీద సంతకం కోసమే వారం పడుతుంది కాబట్టి నెల ముందు మొదలుపెడితే టెన్షన్ ఉండదు.

ఆర్గనైజర్లు పర్మిట్ తీసుకున్నామంటున్నారు. నాకు మళ్ళీ ఎందుకు?

వాళ్ళది కార్యక్రమానికి, మీది స్టాల్‌కి. రెండు లేదా అంతకంటే ఎక్కువ ఫుడ్ స్టాళ్ళున్న కార్యక్రమానికి ఆర్గనైజర్ విడిగా పర్మిట్ తీసుకోవాలి. మరుగుదొడ్లు, చెత్త, నీళ్ళు, కరెంటు వాళ్ళ బాధ్యత. ప్రతి స్టాల్‌కి 200 అడుగుల లోపు, స్టాళ్ళలో పనిచేసే ప్రతి 15 మందికి ఒకటి చొప్పున మరుగుదొడ్లు ఉండాలి. స్థలానికి డబ్బు కట్టే ముందే ఆర్గనైజర్‌ని రెండు మాటలు అడగండి: మీరు కౌంటీకి అప్లై చేశారా, ఫుడ్ స్టాళ్ళ జాబితాలో నా పేరు ఇచ్చారా అని. జాబితాలో పేరు లేక చివరి వారంలో కంగారుపడ్డవాళ్ళని చాలామందిని చూశాను.

స్నేహితురాలికి పర్మిట్ ఉంది. ఆ పేరు మీద నేను పెట్టుకోవచ్చా?

కుదరదు. పర్మిట్ ఆ మనిషికి, ఆ చోటుకి, ఆ రకం తిండికి మాత్రమే చెల్లుతుంది. ఆవిడ స్టాల్‌లో ఆవిడతో కలిసి పనిచేయొచ్చు.

ఫారంలో ఏం అడుగుతారు?

మెనూలో ఉన్న ఒక్కో ఐటమ్ గురించి విడివిడిగా అడుగుతారు: సరుకు ఎక్కడ కొంటారు, ఎక్కడ తరుగుతారు, ఎక్కడ వండుతారు, మేళాకి ఎలా తీసుకెళ్తారు, అక్కడ వేడిగా ఉంచుతారా చల్లగానా. స్టాల్ బొమ్మ గీసి పొయ్యి, కూలర్, చేతులు కడిగే చోటు గుర్తించమంటారు. కాగితం మీద చేత్తో గీస్తే చాలు.

ఐటమ్ పేర్లు రాసేటప్పుడు ఒక్క మాట. చదివే అధికారికి పునుగు అంటే తెలియదు. పేరు పక్కన అందులో ఏమున్నాయో, ఎలా వండుతారో రాయండి: పులిసిన బియ్యం-మినప్పిండి, ఉల్లిపాయ, నూనెలో వేయించినది అని. ఇలా రాసిన ఫారాలు ప్రశ్నలు లేకుండా మంజూరవుతాయి. పర్మిట్ వచ్చాక మెనూలో లేనిది ఆ రోజు అమ్మకూడదు.

ఫీజు ఎంత? తెలుగు సంఘం తరఫున పెడితే మాఫీ ఉంటుందా?

ఫీజు కౌంటీని బట్టి ఉంటుంది. అక్కడికక్కడ వండే స్టాల్‌కి ఎక్కువ, సీల్ చేసిన ప్యాకెట్లు అమ్మేవాళ్ళకి తక్కువ. లాభాపేక్ష లేని సంస్థ ఏడాదికి నాలుగు సార్లు మించకుండా, ఒక్కోసారి 72 గంటలు దాటకుండా పెట్టే స్టాళ్ళని చట్టం విడిగా గుర్తిస్తుంది. చాలా కౌంటీలు వాటికి ఫీజు తగ్గిస్తాయి లేదా వదిలేస్తాయి. దానికి సంఘం పన్ను మినహాయింపు పత్రం జతచేయాలి. ఫీజు పోయినా శుభ్రత నిబంధనలు పోవు.

సేల్స్ టాక్స్ కట్టాలా?

వేడిగా అమ్మే వంటకాల మీద కాలిఫోర్నియాలో సేల్స్ టాక్స్ ఉంది. దానికి రాష్ట్ర పన్నుల శాఖ సీడీటీఎఫ్ఏ దగ్గర సెల్లర్స్ పర్మిట్ తీసుకోవాలి, ఉచితమే. ఒక చోట 90 రోజులకి మించకుండా అమ్మేవాళ్ళకి తాత్కాలిక పర్మిట్ ఇస్తారు.

ఫార్మర్స్ మార్కెట్‌లో ప్రతివారం పెట్టాలనుకుంటున్నాను. ఇదే పర్మిటా?

మేళా పర్మిట్ ఆ ఒక్క కార్యక్రమానికే. అలాంటి కార్యక్రమాలకి 90 రోజుల్లో 25 రోజులు దాటకూడదనే హద్దు ఉంది. ఫార్మర్స్ మార్కెట్‌లో రైతుల భాగం వేరు, పక్కన వండిన తిండి అమ్మే భాగం వేరు. మీది రెండో భాగంలోకి వస్తుంది. ముందు మార్కెట్ మేనేజర్ మీకు చోటు ఇవ్వాలి, తర్వాత కౌంటీని ఆ మార్కెట్‌కి సరిపోయే పర్మిట్ అడగాలి.

ఇన్సూరెన్స్ కావాలా?

కౌంటీ అడగకపోయినా ఆర్గనైజర్ అడుగుతారు. ఒక్కరోజు పాలసీలు దొరుకుతాయి.

## స్టాల్‌లో ఏర్పాట్లు

చేతులకి శానిటైజర్ పెట్టుకుంటే చాలదా?

చాలదు. చేతులు కడిగే ఏర్పాటు లేక తెరవనివ్వని స్టాళ్ళే ఎక్కువ. ఖర్చు పెద్దగా లేదు. ఐదు గాలన్ల వేడి నిలిచే డబ్బా ఒకటి, మేళాల్లో టీ పోసే రకం. దాని కొళాయి ఒకసారి తిప్పితే తెరిచే ఉండాలి. నొక్కి పట్టుకుంటేనే నీళ్ళొచ్చే కొళాయి పనికిరాదు, ఎందుకంటే రెండు చేతులూ రుద్దుకోవడానికి ఖాళీగా ఉండాలి. డబ్బాలో గోరువెచ్చని నీళ్ళు, పక్కన పంపు సబ్బు, పేపర్ టవల్స్, కింద మురికి నీళ్ళు పడడానికి బకెట్. 20 సెకన్లు రుద్దాలి.

నేను పొద్దున ఇల్లు దాటే ముందు డబ్బాలో బాగా వేడి నీళ్ళు పోస్తాను, పది గంటలకి చేతికి సరిపడే వెచ్చదనానికి వస్తాయి. స్టాల్ వేయగానే పొయ్యి కంటే ముందు పెట్టేది ఈ డబ్బానే. బకెట్ నిండితే రోడ్డు పక్క వాన నీళ్ళ కాలువలో పారబోయకూడదు, అది నేరుగా బే అఖాతంలోకి పోతుంది. ఆర్గనైజర్ చూపించిన చోటే పోయాలి.

గరిటెలు, గిన్నెలు ఎలా కడగాలి?

మూడు తొట్లు కావాలి. మొదటిది సబ్బు నీళ్ళు, రెండోది మంచి నీళ్ళు, మూడోది వాసన లేని బ్లీచ్ కలిపిన నీళ్ళు. బ్లీచ్ నీళ్ళలో క్లోరిన్ 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100) ఉందో లేదో చూసే కాగితపు స్ట్రిప్పులు రెస్టారెంట్ సామాను కొట్లో దొరుకుతాయి. ఇన్‌స్పెక్టర్ ఆ స్ట్రిప్పు అడుగుతారు. కడిగినవి గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. దగ్గర్లో ఉన్న నాలుగు స్టాళ్ళ దాకా ఒకే సింక్‌ని పంచుకోవచ్చు, అయితే ఆ సంగతి ముందే ఫారంలో రాయాలి.

టెంట్ ఎలాంటిది ఉండాలి?

పైన కప్పు తప్పనిసరి. విప్పిన తిండి ఉంటే చుట్టూ చదరపు అంగుళానికి 16 కన్నుల దోమతెర కావాలి. ఈగలు, పురుగులు లేని చోటైతే కౌంటీ సడలించవచ్చు. కింద మట్టి, గడ్డి ఉంటే కడగడానికి వీలైన పట్టా పరవాలి. తిండి సామాను నేల మీద పెట్టకూడదు, ఆరు అంగుళాల ఎత్తున ఉండాలి.

బజ్జీలు, దోసెలు టెంట్ లోపలే వేయొచ్చా?

పొయ్యి, నూనె మూకుడు విషయంలో కౌంటీతో పాటు ఆ నగరం ఫైర్ డిపార్ట్‌మెంట్ మాట కూడా వినాలి. సాధారణంగా పొయ్యిని టెంట్ వెనక, బయట పెట్టమంటారు, జనం దగ్గరికి రాకుండా తాడు కట్టమంటారు. టెంట్ గుడ్డ మీద మంటని తట్టుకుంటుందనే స్టేట్ ఫైర్ మార్షల్ ముద్ర ఉండాలి. నూనెలో వేయించేవాళ్ళ దగ్గర మామూలు ఎక్స్‌టింగ్విషర్‌తో పాటు కే క్లాస్‌ది కూడా ఉండాలి. కాగుతున్న నూనె అంటుకుంటే ఆర్పేది అదే, నీళ్ళు పోస్తే మంట పైకి లేస్తుంది. గ్యాస్ సిలిండర్‌ని నిలువుగా నిలబెట్టి కదలకుండా కట్టాలి. ఈ ఒక్క విషయంలో ఖర్చుకి వెనకాడొద్దు, మన స్టాళ్ళ చుట్టూ పట్టు పరికిణీల్లో పిల్లలు తిరుగుతుంటారు.

బోర్డు మీద ఏం రాయాలి?

స్టాల్ పేరు మూడు అంగుళాల అక్షరాల్లో, నడిపేవాళ్ళ పేరు, ఊరు, రాష్ట్రం, జిప్ కోడ్ కనీసం అంగుళం అక్షరాల్లో. పర్మిట్ కాగితం కూడా కనబడేలా అతికించాలి.

## మేళా రోజున

ఇన్‌స్పెక్టర్ వచ్చి ముందు ఏం చూస్తారు?

చేతులు కడిగే నీళ్ళు, ఆ తర్వాత థర్మామీటర్. లోహపు పుల్లని తిండిలో గుచ్చి చూసే ప్రోబ్ థర్మామీటర్ మీ దగ్గరే ఉండాలి. ఐసు ముక్కలు వేసిన నీళ్ళలో పెడితే 32 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించాలి, లేకపోతే సరిచేసుకోండి. వేడివి 135 డిగ్రీలకి తగ్గకూడదు. చల్లవి 41 లోపు ఉండాలి. ఈ తాత్కాలిక స్టాళ్ళకి మాత్రం రోజులో 12 గంటల దాకా 45 డిగ్రీల వరకు వెసులుబాటు ఉంది.

సాంబారు గిన్నెలో పైపైన కొలిచి బాగుందనుకోకండి. ఇన్‌స్పెక్టర్ పుల్లని నడిమధ్యకి దింపుతారు. ముందు గరిటెతో అడుగు నుంచి కలిపి కొలవండి, మూత తీసి ఉంచకండి.

పులిహోర వేడిగా ఎందుకుంచాలి? చింతపండు ఉంది, పాడవదు కదా.

మనకి తెలిసిన పులిహోర పొద్దున కలిపితే సాయంత్రం దాకా నిలుస్తుంది, ప్రయాణాలకి కట్టుకుని వెళ్ళేది కూడా. కానీ కౌంటీ దృష్టిలో వండిన అన్నం ప్రమాదమున్న పదార్థం. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు (స్పోర్లు) అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చటి అన్నంలో అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. పులుపు వాటిని ఆపేంత ఉందని ల్యాబ్ పరీక్షతో చూపిస్తే తప్ప పులిహోరకి వేరే లెక్క లేదు. కాబట్టి 135 డిగ్రీల పైన ఉంచాలి. కింద వేడినీళ్ళుండే ట్రే వాడితే మెతుకు ఎండిపోదు. పెరుగన్నం అయితే ఐసులో, చల్లగా.

కొబ్బరి చట్నీ బయట పెట్టొచ్చా?

వద్దు. ఐసులో గిన్నె అంచుదాకా దిగాలి. ఐసు మీద నిలబెడితే అడుగు మాత్రమే చల్లబడుతుంది. పెద్ద గిన్నె ఒకటి కాకుండా చిన్నవి నాలుగు పెట్టి, మిగిలినవి కూలర్‌లో ఉంచి ఒక్కోటి తీయండి.

పానీపూరీ చేత్తో ఇవ్వకూడదా?

వట్టి చేత్తో వద్దు. చిమటా, గరిటె, లేదంటే గ్లవ్స్ వాడండి. గ్లవ్స్ వేసుకున్న చేత్తోనే డబ్బు తీసుకుంటే వేసుకుని లాభం లేదు. డబ్బు దగ్గర ఒక మనిషిని విడిగా కూర్చోబెట్టండి.

కస్టమర్ అలర్జీ గురించి అడిగితే?

తెలియకపోతే తెలియదనే చెప్పండి, ఊహించి చెప్పకండి. మన వంటల్లో పల్లీలు, జీడిపప్పు, నెయ్యి, గోధుమ, నువ్వులు కనబడకుండా కలిసిపోతాయి. నువ్వులు కూడా 2023 నుంచి అమెరికాలో ప్రధాన అలర్జీ పదార్థాల జాబితాలో ఉన్నాయి. ప్రతి ఐటమ్‌లో ఏమున్నాయో ఒక అట్ట మీద రాసి కౌంటర్ దగ్గర పెట్టుకోండి. పల్లీలు వేయించిన నూనెలోనే బజ్జీలు వేస్తే ఆ మాట కూడా రాయండి.

మిగిలిపోయింది ఇంటికి తీసుకెళ్ళి మర్నాడు అమ్మొచ్చా?

కూడదు. రోజంతా వేడిగా ఉంచినవి, 45 డిగ్రీల వెసులుబాటులో ఉంచినవి, మూసేసే వేళకి పారేయాలి. అన్నం పారేయడం మనకి చేతకాదు, నాకూ ఏటా ప్రాణం ఒప్పదు. దానికి మందు ముందే తక్కువ వండుకోవడం. ఒకేసారి వండకుండా గంటకో విడత వేయండి. చివరి గంటకి పిండి కొత్తగా కలపకండి.

ఇన్‌స్పెక్టర్ స్టాల్ మూసేయమంటే ఏం చేయాలి?

వాదించకండి. ఏది సరిచేస్తే తిరిగి తెరవనిస్తారో అడిగి, రాయించుకోండి. నీళ్ళు లేకపోవడం, థర్మామీటర్ లేకపోవడం లాంటివి అప్పటికప్పుడు సరిచేసుకుంటే చాలాసార్లు అదే రోజు మళ్ళీ చూసి తెరవనిస్తారు. పక్క స్టాల్ వాళ్ళ దగ్గర సబ్బు, పేపర్ టవల్స్ అడిగితే ఎవరూ లేదనరు. ఇంట్లో వండినది దొరికితే మాత్రం ఆ ఐటమ్‌ని వదులుకోవాలి, మెనూలో మిగిలినవాటితో నడుపుకోండి. మీ కారులో అదనంగా ఒక నీళ్ళ డబ్బా, ఒక థర్మామీటర్, రెండు ఐసు సంచులు ఉంచుకోండి.